చేయఁబడుట – చేసికొనుట: శరీరసంస్కారమునఁ గర్తృత్వవిచారము

నెల్లూరిమండలమునఁ బడమటిభాగమునఁ గల యుదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందు సంతనాఁడును, పెండ్లినాఁడును, క్రొత్తయంగడి తెఱచునాఁడును జప్పటలు చఱచుచు వచ్చి దీవించి పోవు జనులను బాఠకు లెఱుఁగుదురు. లోకులు వారిని గొజ్జాలందురు. వారు తమ్ము హిజ్రాలని చెప్పుకొందురు. ఆత్మకూరిలో బస్సు లాగుచోట నొకనాఁడు వారిలో నొకరు నాచేతిలోని వ్యాకరణపుస్తకమును జూచి, “అయ్యవారూ! మీ పుస్తకాల్లో మాకు ఏ లింగం రాసుండారు?” అని యడిగిరి. ప్రక్కనున్నవారు నవ్విరి. నేను నవ్వలేకపోతిని, ఉత్తరమును జెప్పలేకపోతిని. ముప్పదియేండ్లుగా శబ్దశాస్త్రమును బాఠము చెప్పుచున్న నాకు ఆ ప్రశ్న యింటికి వచ్చిన పిమ్మటఁ గాని పూర్ణముగా నర్థము కాలేదు. అది శబ్దలింగమును గూర్చిన ప్రశ్నయే యైనను దాని వెనుక వేఱొక ప్రశ్న కలదు. తన దేహమును మార్చుకొన్నవారిని గూర్చి పలుకునపుడు, ఆ మార్పునకుఁ గర్త యెవరని మనము తలఁచుచున్నాము? ఈ వ్యాసము దానికి నే నాలస్యముగా వ్రాయు నుత్తరము.

మొదట లింగమును గూర్చి విచారింతము. లింగమును నిర్ణయించునవి దేహచిహ్నములే యని స్థూలదృష్టికిఁ దోఁచును. పతంజలి మహాభాష్యమున స్త్రీప్రత్యయముల యధికారమును (4.1.3) వ్యాఖ్యానించుచు నీ పక్షమునే ముందుగా నెత్తికొనెను. స్తనములును గేశములును స్త్రీకి గుర్తులు, రోమములు పురుషునకు గుర్తులు, ఆ రెండును లేనిది నపుంసకము అని యా పక్షము. వెంటనే దోషములు చూపఁబడినవి. స్త్రీవేషము ధరించు నటునకు భ్రూకుంసుఁడని పేరు. చిహ్నములే ప్రమాణమైనచో నా శబ్దమునకు స్త్రీప్రత్యయము రావలసి యుండును, రాలేదు. మంచమును జెప్పు ఖట్వాశబ్దము స్త్రీలింగము. చెట్టును జెప్పు వృక్షశబ్దము పుంలింగము. మంచమునకు స్తనము లెక్కడివి, చెట్టునకు రోమము లెక్కడివి? ఆలు అను నొక్క యర్థముననే దారశబ్దము పుంలింగము, భార్యాశబ్దము స్త్రీలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము. కాఁబట్టి భాష్యకారుఁడు దేహచిహ్నపక్షమును విడిచి, వస్తువునందలి యే ధర్మమును వక్త చెప్పఁగోరునో దానిని బట్టి లింగ మేర్పడుననియు, లింగము లోకవ్యవహారము నాశ్రయించి యుండుననియుఁ జెప్పెను. చెప్పవలెనను నా కోరికకే వివక్ష యని పేరు.

ఇందు లేని యర్థమును నేను బెట్టను. భాష్యకారుఁడు శబ్దములను గూర్చి చెప్పెనే కాని మనుష్యుల బ్రదుకును గూర్చి తీర్పు చెప్పలేదు. భ్రూకుంసుఁడు స్త్రీ యనియు ననలేదు. కాని దేహమును జూచినంత మాత్రమున లింగము తెలియునను వాదము రెండువేల యేండ్లకుఁ బూర్వమే మన శాస్త్రమున నిలువలేదు. ఈ సంగతి యల్పము కాదు.

ఇఁక దేహమును మార్చుటను గూర్చి. ఇది మనకుఁ గ్రొత్త గాదు. చెవులు కుట్టుట కర్ణవేధమను పేరఁ బరిగణింపఁబడిన సంస్కారము. సుశ్రుతసంహిత సూత్రస్థానమున 16వ యధ్యాయము చెవి కుట్టు విధమును, రంధ్రమును బెంచు విధమును, తెగిన చెవితమ్మె నతుకు విధమును జెప్పుచున్నది. శ్రీవైష్ణవులు సమాశ్రయణమున శంఖచక్రములను గాఁచి భుజములపై ముద్రలు వేయించుకొందురు. ఎఱుకలస్త్రీ లూరూరఁ దిరిగి, మసియు నాకుపసరును గలిపి సూదులతోఁ బచ్చబొట్లు పొడుచుచుండెడివారు. మన పల్లెలలోని ముదుసళ్ల ముంజేతులపై నవి నేఁటికిని గానవచ్చును. దేహము పుట్టినది పుట్టినట్లే యుండవలెనని మన పెద్ద లెన్నఁడును జెప్పలేదు.

ఐనను అన్ని మార్పులు నొక్కటి గావు. మా నాయనమ్మ యొక కథ చెప్పుచుండెడిది. ఆమె మేనత్తకుఁ బదునొకండవయేట మగఁడు చనిపోఁగా, ఇంటివారు పెరటిలోఁ గూర్చుండఁబెట్టి మంగలిచేఁ దల గొఱిగించిరి. ఆ బాలిక చేతులను బట్టుకొన్న వారిలో నామె తల్లియు నుండెనఁట. నాయనమ్మయో, డెబ్బదియేండ్ల వయస్సునఁ దిరుమలకుఁ బోయి, మ్రొక్కుబడి తీర్చుకొనుటకుఁ దలనీలము లిచ్చుకొని, పసుపుగంధమును దలకుఁ బూసికొని నవ్వుచు వచ్చెను. కత్తి యొక్కటియే, తల యొకతీరుననే కనఁబడును. చూచువాఁడు చిహ్నమును మాత్రమే చూచినచో నా రెంటికి భేద మెఱుఁగఁడు. భేదము తలయందు లేదు, కర్తయందుఁ గలదు.

ఈ భేదమును వ్యాకరణ మెఱుఁగును. సంస్కృతమునఁ గొన్ని ధాతువులు, క్రియాఫలము కర్తకే చెందునపు డాత్మనేపదమును, ఇతరునకుఁ జెందునపుడు పరస్మైపదమును దాల్చును (1.3.72). క్షౌరార్థమునఁ గల వపధాతు విట్టిది: ఇతరునకుఁ జేయునపుడు వపతి, తనకొఱకైనపుడు వపతే. తెనుఁగున నా పని ‘కొను’ చేయును. ‘బిడ్డకుఁ జెవులు కుట్టించిరి’ అనుట వేఱు. ‘అతఁడు చెవులు కుట్టించుకొనెను’ అనుట వేఱు. ‘తల గొఱిగించిరి’ అనుట వేఱు. ‘తలనీలము లిచ్చుకొనెను’ అనుట వేఱు. క్రియయందు స్వతంత్రుఁడెవఁడో వాఁడే కర్త యని పాణిని నిర్వచించెను; ఆ స్వతంత్రుని బ్రేరేచువాఁడును గర్తయే యని పై సూత్రమునఁ జెప్పెను. కావున సూది పట్టినది యెఱుకలసాని యైనను, పచ్చబొట్టు పొడిపించుకొన్నవారికిఁ గర్తృత్వము పోదు. అదే విధమున శస్త్రము పట్టినది వైద్యుఁడైనను, చేయించుకొన్నవారికిఁ గర్తృత్వము పోదు.

భారతకథలో నీ రెండు తెఱఁగులు నొక్కజన్మముననే కానవచ్చును. మన నెల్లూరివాఁడగు తిక్కన విరాటపర్వము మొదలు పదునేను పర్వములను దెనిఁగించెను. ఆ భాగములోనిదే యగు నుద్యోగపర్వమునందు శిఖండి కథ కలదు. ద్రుపదునకుఁ గూఁతురు పుట్టఁగాఁ దలిదండ్రులు కుమారుఁడని చాటి, మగబిడ్డవలెఁ బెంచి, దశార్ణరాజు కూఁతు నిచ్చి పెండ్లి చేసిరి. ఇది పరులు చేసిన మార్పు. ఇందుఁ గొను లేదు. గుట్టు బయలుపడి దశార్ణరాజు కోపించి పైకి రాఁగా, శిఖండి యొంటిగా నడవికిఁ బోయి, స్థూణాకర్ణుఁడను యక్షుని వేఁడి, తన స్త్రీత్వము నిచ్చి వాని పుంస్త్వమును దాఁ బుచ్చుకొనెను. ఇది తాఁ జేసికొన్న మార్పు. తరువాతి సంగతి మనకు ముఖ్యము. భీష్ముఁడు, మునుపు స్త్రీయై యుండిన వానిపై బాణము వేయనని, ఆ రెండవ మార్పును లెక్కింపఁడయ్యెను. తలిదండ్రుల మాటను లోకము నమ్మెను. శిఖండి మాటను భీష్ముఁడు నమ్మలేదు.

విరాటపర్వమున బృహన్నల వృత్తాంతము వేఱు. అల్లెత్రాటి యొరపిడిచే నైన కాయలను గాజులతోఁ గప్పి, కుండలములు పెట్టుకొని, జడ వేసికొని యర్జునుఁడు విరాటుని కొలువునకు వచ్చి, తన్ను నపుంసకునిగాఁ జెప్పుకొనెను. రాజా మాటను వినియు, స్త్రీలచేఁ బరీక్షింపించి యా పిమ్మటఁ గాని కన్యాంతఃపురమునకుఁ బంపలేదు. తన్ను గూర్చి తాఁ జెప్పిన మాట చాలదు, ఇతరులు దేహమును జూచి చెప్పవలెనను నాచారము విరాటుని కొలువుతో ముగియలేదు. దాని కథ ముందుఁ జెప్పుదును.

ఇపుడు వారి పేళ్లను విచారింతము. కొజ్జా యనుమాట నేఁడు తిట్టుగా వినఁబడుచున్నది. దాని మూలము ఖ్వాజా యను పారసీకశబ్దము. ఏలిక, దొర యని యర్థము. మొగలాయి దర్బారులందు నంతఃపురాధికారులకు ఖ్వాజాసరా యని గౌరవనామము. గౌరవము జారిపోయి శబ్దము మాత్రము మన వీధులకుఁ జేరినది. హిజ్రా శబ్దము, తనవారిని విడిచి పోవుట యను నర్థముగల యరబ్బీ ధాతువునుండి వచ్చినదని పలువురు చెప్పుదురు. అమరసింహుఁడు తన కోశమున నిట్టివారికిఁ దృతీయాప్రకృతి యను పేరును జెప్పెను. ఇవి యన్నియు నితరు లిచ్చిన పేళ్లు. నేఁటి యువకులలోఁ గొందఱు క్వీర్ అను నాంగ్లశబ్దమును దెచ్చుకొని, వెనుక తిట్టుగా నుండిన దానినే తమ పేరుగాఁ బెట్టుకొనిరి. వారిలో జుట్టు కత్తిరించుకొన్న స్త్రీలును, పచ్చబొట్టుతో మనసులోని పేరును జర్మముపై వ్రాయించుకొన్నవారును, స్త్రీలని పెంపఁబడి తాము పురుషులమని తెలిసికొని దేహమును దదనుగుణముగా మార్చుకొన్నవారును గలరు. అందఱును శస్త్రమును గోరరు. కొందఱు చీర కట్టుకొనుటతోనే తృప్తు లగుదురు. కొనుట యందఱిది, ఏమి చేసికొనుట యను నిర్ణయ మెవరిది వారిది.

ఐనను హిజ్రాలు తామే పెట్టుకొన్న పే రొక్కటి నన్ను మిక్కిలి యాశ్చర్యపెట్టినది. పుంస్త్వమును విడుచు శస్త్రక్రియను వారు నిర్వాణమందురు. ఈ శబ్దమునకుఁ బాణిని ప్రత్యేకముగ నొక సూత్రమును జేసెను (8.2.50). గాలి కర్తయైనపుడు నిర్వాతమనియు, తక్కినచోట నిర్వాణమనియు రూపము. అగ్ని నిర్వాణమైనది, దీపము నిర్వాణమైనది, భిక్షువు నిర్వాణుఁడైనాఁడు అనునవి యుదాహరణములు. ఇచటి ప్రత్యయము కర్త్రర్థమునఁ గలదు, కర్మార్థమునఁ గాదు. దీపము తా నాఱినదని యర్థము. ఒకఁ డార్పినచో నిర్వాపిత మనవలెను. ఆ జనులు సూత్ర మెఱిఁగి యీ శబ్దమును గైకొనిరని నే ననను. కాని లోకము ‘పాపము, వీరి కిది చేయఁబడినది’ యనుచుండఁగా, వారి మాట మాత్రము ‘మే మైతిమి’ యనుచున్నది.

సెరీనా నందా 1990లోను, హైదరాబాదు, సికింద్రాబాదుల హిజ్రాలతోఁ జిరకాలము మెలఁగిన గాయత్రీ రెడ్డి 2005లోను బ్రకటించిన గ్రంథములలో నీ యాచారము వర్ణింపఁబడినది. పూర్వము వారిలోని పెద్దయే, దాయమ్మ యను పేర, ఈ క్రియను రహస్యముగఁ జేయుచుండెను; మత్తుమందు లేదు; నెత్తురు పోయి ప్రాణాపాయము గలుగుట కలదు. పిమ్మట నలువదిదినము లేకాంతమున నుండి, కడపటి దినమునఁ బసుపు పూసికొని, పెండ్లికూఁతువలె నలంకరించుకొని బయటికి వత్తురు. ఇంతటి బాధ నేల కోరుదురని యడుగుట సులభము. ప్రసవవేదనను, వ్రతోపవాసములను, శూలములు గ్రుచ్చుకొను మ్రొక్కుబళ్లను నెఱిఁగిన మన దేశమున, తాను దలఁచిన రూపమును బొందుటకు బాధ నోర్చుకొనుట యర్థము గాని విషయము గాదు. బాధకంటెఁ గూడ నపాయమును బెంచినది రహస్యము. రహస్యమునకుఁ గారణములలో నొకటి శాసనము.

1860 నాఁటి భారతశిక్షాస్మృతి తీవ్రగాయముల పట్టికలోఁ బుంస్త్వహరణమును మొట్టమొదటఁ జేర్చెను. 1871లో నాంగ్లప్రభుత్వము చేసిన నేరస్థజాతుల శాసనమున నపుంసకులకని ప్రత్యేకభాగ ముండెను. అందు వారి పేళ్లను బట్టికలకెక్కించి కాపువెట్టు నేర్పాటు గలదు. దాని ఛాయలో హైదరాబాదు నిజాముప్రభుత్వము 1329 ఫసలీలో, అనఁగా 1919లో, అట్టి శాసనమునే చేసెను. స్త్రీవస్త్రములతోనో యాభరణములతోనో వీధిలోఁ గనఁబడినను, బహిరంగమున నాడినను బాడినను, వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్ల వఱకుఁ జెఱ. పదునాఱేండ్ల లోపు బాలుఁడు వారియొద్ద నున్నను శిక్షయే. పుంస్త్వమును హరించినవారికి నేడేండ్ల వఱకు శిక్ష. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు చెన్నపురి రాజధానిలోనివి కాన నిజాముశాసన మిచట నడువలేదు. శిక్షాస్మృతి మాత్రము నడిచెను.

బాలురను బలాత్కారమునుండి కాపాడుట న్యాయమే. దోష మెక్కడ ననఁగా, ఆ శాసనము చేయఁబడినవానిని, చేయించుకొన్నవారిని వేఱుచేసి చూడలేదు. దాని దృష్టిలో వీరు కర్మపదములే కాని కర్తలు గారు, కర్తలైనచో నేరస్థులు. గాజులు తొడుగుకొనుటకును శిక్ష వేసిన శాసన మెవరిని గాపాడినట్లు? వైజయంతీ వసంత మొగ్లి మొదలగువారు దానిని బ్రశ్నింపఁగా, 2023 జూలైలోఁ దెలంగాణ ఉన్నతన్యాయస్థానమునఁ బ్రధానన్యాయమూర్తి ఉజ్జల్ భుయాఁ, న్యాయమూర్తి సి. వి. భాస్కరరెడ్డి గారలు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి. ఫసలీ 1329 నాఁటి మాట నూఱేండ్లకుఁ బైగాఁ బుస్తకమున నిలిచి యుండెను.

అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న సర్వోన్నతన్యాయస్థానమున న్యాయమూర్తులు కె. ఎస్. రాధాకృష్ణన్, ఎ. కె. సిక్రీ గారలు, ఎవరి లింగమును వారే నిర్ణయించుకొను హక్కు కలదనియు, దానికి శస్త్రక్రియ జరిగి యుండవలెనని పట్టుపట్టుట తగదనియుఁ దీర్పు చెప్పిరి. ఇది వివక్షాపక్షము. కాని 2019లోఁ బార్లమెంటు చేసిన చట్టమున, తన్ను స్త్రీ యనియో పురుషుఁడనియో వ్రాయించుకొనఁదలఁచినవారు శస్త్రక్రియను గూర్చిన వైద్యుని పత్రమును జిల్లా న్యాయాధికారికిఁ జూపవలెనను నిబంధన చేరెను. ఇది విరాటుని కొలువు. శస్త్రమును గోరని వానిని శస్త్రమునకుఁ దోయునపుడు, చేయించుకొనుటయుఁ జేయఁబడుటయే యగుచున్నది.

దీని కెదురుకథయు నా సంవత్సరముననే జరిగెను. కొందఱు శిశువులు స్త్రీపురుషచిహ్నములు స్పష్టముగ లేక పుట్టుదురు. వారిని నేదో యొక తీరునకుఁ దెత్తుమని వైద్యులును దలిదండ్రులును శైశవముననే శస్త్రము చేయించు వాడుక కలదు. 2019 ఏప్రిల్‌లో మదరాసు ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తి జి. ఆర్. స్వామినాథన్ గారు, తలిదండ్రుల సమ్మతి శిశువు సమ్మతి గాదని చెప్పి యట్టి శస్త్రములను నిషేధింపఁ దమిళనాడు ప్రభుత్వము నాజ్ఞాపించిరి. ప్రాణాపాయము గల పట్టులకు మినహాయింపుతో నా ప్రభుత్వ మా యేఁడే యట్లు నిషేధించెను. పెద్దవారు తాము కోరినదానికి శిక్ష, శిశువు కోరనిదానికి శస్త్రము: ఈ రెండు నొకే తప్పు. రెంటను గర్తను దప్పించి కర్మను జూచితిమి.

న్యాయముగఁ జెప్పవలెనన్నచో నీ పరీక్షను హిజ్రాల యిండ్లకును జొప్పింపవలెను. నిర్వాణమైనవారికి వారిలో గౌరవము హెచ్చని గాయత్రీ రెడ్డి గ్రంథము చెప్పుచున్నది. గౌరవము గల చోట నొత్తిడియు నుండును. పెద్దల మాటకు వెఱచి, లేదా వేఱొకచోట నన్నము దొరకక, యొప్పుకొన్న వాని యొప్పుకోలు స్వాతంత్ర్యము గాదు. వయస్సు రావలెను, అపాయము తెలియవలెను, వలదని చెప్పుటకుఁ జోటుండవలెను. అపుడే ‘కొను’ సాధువగును. అట్లని, ఒత్తిడి యుండవచ్చునను శంకచే నందఱి యిచ్ఛను గొట్టివేయుట, పెండ్లిండ్లలో బలాత్కారము కలదు గదా యని పెండ్లినే నిషేధించుట వంటిది.

తెనుఁగువ్యాకరణముతో ముగింతును. చిన్నయసూరి పద్ధతిని బురుషులను జెప్పునవి మహత్తులు; స్త్రీవాచక మేకవచనమున జడములతోఁ గూడి యమహత్తువలెను, బహువచనమునఁ బురుషులతోఁ గూడి మహత్తువలెను నడుచును. ‘వచ్చినాఁడు’, ‘వచ్చినది’ యనునపుడు లింగ మడ్డుపడును. ‘వచ్చెను’ అనునపుడు పడదు: అతఁడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను. ‘వచ్చిరి’ యనునపుడును స్త్రీపురుషభేదము లేదు. ఆత్మకూరిలో నన్నడిగినవారిని గూర్చి ‘అడిగిరి’ యని వ్రాసితిని. అది గౌరవమునకును సరిపడినది, నా యజ్ఞానమునకును సరిపడినది. ఆమె యనుమని వారు కోరినచో నామె యనుటయే వివక్షాన్యాయము.

వారు మరల నాకుఁ గనఁబడలేదు. కనఁబడినచో నింత పాఠము చెప్పను. అమ్మా, మా పుస్తకములలో ‘నేను’ అను మాటకు లింగము లేదు, సంస్కృతమునను లేదు, తెనుఁగునను లేదు. ‘నేను జేసికొంటిని’ అని మీరు చెప్పినచో దానిని దిద్దుటకు వ్యాకరణమున సూత్రము లేదు అని చెప్పుదును. లోపమున్నచో విద్వాంసులు దిద్దుదురు గాక.